రంపె పదును ఎవరి కోసం?

మొన్న పున్నమి వందన అయిపోయాక అందరూ చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోతున్నారు. ఒక తమ్ముడు మాత్రం గోడ వారగా నిలబడి ఉన్నాడు. చేతిలో పాత గుడ్డలో చుట్టిన వస్తువేదో ఉంది. "అన్నా, ఒక మాట అడగాలి" అంటూ గుడ్డ విప్పాడు. లోపల రంపె.

రంపె అంటే ఏమిటో మన వాడల్లో పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. పిల్లల కోసం చెప్తున్నాను. తోలు కోసే కత్తి అది. వెడల్పాటి అలుగు, పొట్టి పిడి. ఆరె, రంపె చేతికి దొరికితే మన తాతలు ఎంత మొండి తోలునైనా చెప్పుగా మార్చేవాళ్ళు. ఆ తమ్ముడి తాత వాడిన రంపె అది. పిడి మీద బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉంది.

తమ్ముడు ఐటీఐ చదివాడు. ఉద్యోగం దొరక్క ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని కత్తులు చేస్తున్నాడు. పాత లారీ కమాను పట్టీలు తెచ్చి, కాల్చి, సాగగొట్టి కూరగాయల కత్తులు, కత్తిపీటలు, కొడవళ్ళు తీస్తాడు. చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని ఆ రంపె నూరడంతోనే అతని చదువు మొదలైందట.

ఒకే వారంలో అతనికి రెండు అనుభవాలు ఎదురయ్యాయి. సంతలో ఒకామె కూరగాయల కత్తి చేతిలోకి తీసుకుని, వేలితో పదును చూసి, బాగుంది అంది. బేరం కూడా అయిపోయింది. డబ్బులు తీస్తూ "ఏ వాడ బాబూ మీది?" అని అడిగింది. చెప్పాడు. "మా ఇంట్లో ఒప్పుకోర్లే" అని కత్తి కింద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడో రోజు నలుగురు కుర్రాళ్ళు బండ్ల మీద షెడ్డుకు వచ్చారు. ఊరేగింపు ఉంది, పాతిక తల్వార్లు కావాలి, పొడుగ్గా ఉండాలి, పదును కూడా ఉండాలి అన్నారు. అడ్వాన్సు బల్ల మీద పెట్టారు. మూడు నెలలు కొడవళ్ళు కొట్టినా రాని డబ్బు అది.

"కూరగాయల కత్తి కొనే ఆమె కులం అడిగింది అన్నా. తల్వార్లు చేయించుకునేవాళ్ళు అడగలేదు" అన్నాడు తమ్ముడు. తర్వాత అసలు ప్రశ్న వేశాడు. "పంచశీల తీసుకున్న చేతులతో కత్తి చేయొచ్చా? ఈ ఆర్డరు ఒక్కటే వదులుకోవాలా, మొత్తం పనే మానేయాలా?"

ఆ ప్రశ్న అతనొక్కడిదే కాదు. ఏదో ఒక పనిముట్టు పట్టుకుని బతికే మనందరిదీ. అందుకే ఈసారి ఈ చిన్న పుస్తకంలో దాని గురించే మాట్లాడుకుందాం.

బుద్ధుడు వద్దన్నది ఏమిటి?

ఉపాసకులు చేయకూడని వ్యాపారాలు ఐదు అని అంగుత్తర నికాయంలో ఉంది. ఆయుధాలు, మనుషులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. వీటిని అమ్మి బతకవద్దు. అష్టాంగ మార్గంలోని సమ్యక్ ఆజీవానికి ఇది హద్దు.

అంటే కత్తి ముట్టుకోవడమే తప్పా? కాదు. అదే బుద్ధుడు తన భిక్ఖువులకు కత్తి ఇచ్చాడు. మొదట్లో భిక్ఖువులు చీవరం బట్టను చేత్తో చించి కుట్టుకునేవారు. చీవరాలు వంకరటింకరగా వచ్చేవి. అప్పుడు బట్ట కోసుకోవడానికి చిన్న కత్తిని అనుమతించాడు. తర్వాత పిడి ఉన్న కత్తినీ అనుమతించాడు. భిక్ఖువు దగ్గర ఉండదగిన ఎనిమిది వస్తువుల్లో సూది ఉంది, క్షురకత్తి ఉంది. మందుకు కూడా పాళ్ళు చూసి వాడమన్న మనిషి ఆయన, పనిముట్టుకు భయపడమని ఎందుకంటాడు?

మరి ఆయుధానికీ పనిముట్టుకూ తేడా ఎక్కడుంది? రెండూ ఇనుమే, రెండూ పదునే. తేడా సంకల్పంలో ఉంది. కర్మ అంటే సంకల్పమేనని బుద్ధుడు తేల్చి చెప్పాడు. తంగేడు కొమ్మ నరకడానికి చేసిన కత్తి వేరు, మనిషిని భయపెట్టడానికి చేసిన కత్తి వేరు. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నిబంధనలు కూడా ఈ తేడా పట్టించుకున్నాయి. తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు, లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు అలుగు ఉన్న కత్తులను ఆయుధాల కింద లెక్కగట్టి, ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు, శాస్త్ర పరిశోధనకు చేసినవాటిని మినహాయించాయి. తల్వార్‌కు ఆ మినహాయింపు లేదు. తల్వార్‌తో వంకాయ కోసేవాడు ఎవడూ లేడు కదా!

మాంసం కొట్టు కత్తి సంగతేమిటని కొందరు అడుగుతారు. దాచకుండా చెప్పాలి. మాంసం వ్యాపారం కూడా ఆ ఐదింటిలో ఉంది. అయితే దాని మీదే బతుకుతున్న మన అన్నదమ్ములను వేలెత్తి చూపి పక్కన కూర్చోబెట్టే హక్కు మనకు లేదు. పక్కన కూర్చోబెట్టడం వల్ల కలిగే బాధ మనకంటే ఎవరికి తెలుసు? వేరే దారి దొరికేదాకా వాళ్ళ చెయ్యి పట్టుకుని నడుద్దాం.

కొలిమి దగ్గర ధమ్మం

మీరెప్పుడైనా కొలిమి దగ్గర కాసేపు కూర్చున్నారా? కూర్చుంటే ప్రతీత్య సముత్పాదం పుస్తకం లేకుండానే అర్థమవుతుంది.

కత్తి ఒక్కడు చేసేది కాదు. ఇనుము ఎవరో తవ్వారు. బొగ్గు ఎవరో కాల్చారు. పాత రోజుల్లో కమ్మరి కొలిమికి గాలి ఊదింది తోలు తిత్తి. ఆ తోలు ఊనింది ఎవరు? మనవాళ్ళు. మనవాళ్ళ చేతిలో రంపెకు ఇనుము సాగగొట్టింది ఎవరు? కమ్మరి. తోలు లేకపోతే కత్తి లేదు, కత్తి లేకపోతే తోలు పని లేదు. అది ఉంటే ఇది ఉంది. పనిలో ఇంత దగ్గరగా బతికిన మనుషులను ఒకే బావి దగ్గర నీళ్ళు తాగనివ్వలేదు. పని కలిపిన మనుషులను కులం విడదీసింది.

పని ఎలా జరుగుతుందో తమ్ముడు ఆ రోజు వివరంగా చెప్పాడు. ఉక్కును పండు మిరపకాయ రంగు వచ్చేదాకా కాల్చాలి. అంటే ఇంచుమించు 800 డిగ్రీలు. ఆ వేడికి అయస్కాంతం కూడా ఉక్కును పట్టుకోదు. అదే గుర్తు. వెంటనే నూనెలో ముంచుతాడు. బుస్సుమని పొగ లేస్తుంది. ఉక్కు గట్టిపడుతుంది. అయితే అక్కడితో ఆపేస్తే అది కత్తి కాదు. గట్టిగా ఉంటుంది కానీ పెళుసు, చెయ్యిజారి బండ మీద పడితే గాజులా విరుగుతుంది. అందుకని మళ్ళీ సన్నటి సెగ మీద పెట్టాలి. ఈసారి 200 నుంచి 250 డిగ్రీల లోపే. తోమిన అలుగు మీద ఎండుగడ్డి రంగు పాకుతుంది. అక్కడ ఆపాలి. కన్ను మళ్ళిందా, రంగు నీలానికి తిరుగుతుంది, అంచు మెత్తబడుతుంది, పదును నిలవదు.

గట్టిదనం కావాలి, పెళుసుతనం వద్దు. మధ్యమ మార్గం అంటే ఇదే. మనలో కొంతమంది కోపంతో గట్టిపడి, ఆ కోపంతోనే విరిగిపోయారు. కొంతమంది సర్దుకుపోయి సర్దుకుపోయి మెత్తబడిపోయారు. బాబాసాహెబ్ మనకు ఇచ్చిన ధమ్మం రెండో సెగ లాంటిది. అది మనలోని గట్టిదనాన్ని తీసేయదు, విరగకుండా నిలబెడుతుంది.

బుద్ధుడు కూడా ఈ పోలిక వాడాడు. కంసాలి బంగారాన్ని కరిగించేటప్పుడు ఒకసారి ఊదుతాడు, ఒకసారి నీళ్ళు చిలకరిస్తాడు, ఒకసారి ఊరికే చూస్తూ కూర్చుంటాడు. అదేపనిగా ఊదితే మాడుతుంది. అదేపనిగా చిలకరిస్తే చల్లారుతుంది. ఊరికే చూస్తూ కూర్చుంటే పని ముగియదు. సాధన చేసే మనసుకు కూడా ప్రయత్నం, ఏకాగ్రత, ఉపేక్ష మూడూ వేళకు తగినట్టు కావాలన్నాడు. పనివాడి చేతులను దగ్గరగా చూసినవాడు తప్ప ఈ మాట చెప్పలేడు.

పనికి కులం అంటగట్టింది ఎవరు?

ఇక సంతలో ఆమె కింద పెట్టిన కత్తి దగ్గరికి వద్దాం.

కులం అంటే పనిని పంచుకోవడం కాదు, పనిచేసేవాళ్ళను మెట్లు మెట్లుగా విడగొట్టడం అని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో వివరించారు. అంతకుముందే 1927 మార్చిలో మహద్‌లో చచ్చిన పశువు మాంసం మానేయమని మన జనానికి చెప్పారు. బలవంతంగా నెత్తిన రుద్దిన బతుకును వదిలించుకోమన్నారు. అందుకే ఒక్క మాట తేటగా చెప్పాలి. తాత రంపెను పొగిడి, మనవడిని మళ్ళీ ఆ తోలు దగ్గరే కూర్చోబెట్టాలని నేను అనడం లేదు. అలా పొగిడేవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళ పిల్లలు మాత్రం అమెరికాలో ఉంటారు. మనవడు డాక్టరు కావాలి, కలెక్టరు కావాలి, ఇష్టమైతే కత్తులూ చేయాలి. పని ఎంచుకునే హక్కు అతనిది కావాలి.

అవమానం వదిలించుకునే తొందరలో మనం నైపుణ్యాన్ని కూడా అసహ్యించుకున్నాం. రంపెలను అటక మీద పారేశాం, పాత ఇనుము కింద అమ్మేశాం. తప్పు రంపెది కాదు. ఆ రంపె పట్టిన చెయ్యిని ముట్టుకోనివాడిది.

బుద్ధుడి సంఘంలో ఈ చేతులకు దొరికిన చోటు చూడండి. ఉపాలి మంగలి, కత్తితో బతికినవాడు. శాక్య రాకుమారులు తమ గర్వం అణగాలని ఉపాలికే ముందు ప్రవ్రజ్య ఇమ్మని కోరారు, తమకంటే పెద్దవాడిగా అతనికి నమస్కరించారు. వినయంలో సంఘమంతటికీ ఆయనే పెద్ద దిక్కయ్యాడు.

చుందుడు లోహపు పని చేసే ఇంటివాడు. పాళీలో అతన్ని కమ్మారపుత్త అన్నారు. మన కమ్మరి అన్న మాటకు ఆ కమ్మార చుట్టమే. బుద్ధుడు చివరి భోజనం చేసింది పావాలో ఆయన ఇంటే. భోజనం తర్వాత జబ్బు ముదిరింది. ఇంకొకరైతే ఆ పనివాడి మీద నింద పడనిచ్చేవాళ్ళు. బుద్ధుడు మాత్రం ఆ స్థితిలో కూడా ఆనందుణ్ణి పిలిచి, చుందుడి మనసులో దిగులు ఉండకూడదు, సంబోధికి ముందు తిన్న భోజనమూ ఈ చివరి భోజనమూ సమానమైన ఫలం ఇచ్చేవని అతనికి చెప్పు అన్నాడు. చనిపోయే ముందు ఒక పనివాడి పరువు కాపాడిన గురువు మనవాడు.

కత్తి పిడి సంగతి కూడా వినండి. కొందరు భిక్ఖువులు బంగారు, వెండి పిడులు పెట్టించుకుంటే బుద్ధుడు వద్దన్నాడు. ఎముక, కొమ్ము, వెదురు, కర్ర లాంటివాటితో పిడి పెట్టుకోమన్నాడు. ఎముక, కొమ్ము! ఊరు ఏ వస్తువులను ముట్టుకోవడమే మైల అందో, వాటినే సంఘం చేతిలో పెట్టాడు.

మన నేల మీదే ఇంకో సాక్ష్యం ఉంది. అమరావతి మహాచైత్యానికి దానం ఇచ్చినవాళ్ళ పేర్లు రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి. అందులో విధిక అనే ఆయన ఒకరు. నాగ అనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేశాడు. ఆయన వృత్తి ఏమని రాసుకున్నాడో తెలుసా? చమ్మకార. తోలు పనివాడు! తండ్రి ఉపాధ్యాయుడు, కొడుకు తోలు పనివాడు, ఇద్దరి పేర్లూ మహాచైత్యం రాతి మీద. ఈ రోజు ఆంధ్రప్రదేశ్ రాజముద్ర నడుమ కనిపించేది కూడా అమరావతి శిల్పకళ నుంచి తీసుకున్న పూర్ణఘటమే. విధిక చేతిలో కూడా తోలు కోసే కత్తి ఉండే ఉంటుంది. దాన్ని చూసి ఆయన సిగ్గుపడలేదు. తన వృత్తిని పేరు పక్కనే చెక్కించుకున్నాడు.

తల్వార్ ఎవరి మీదికి?

ఇప్పుడు పాతిక తల్వార్ల ఆర్డరు.

సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు వదిలాడు? 'బుద్ధుడు ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ చెప్పిన కారణం మీకు తెలుసు. రోహిణి నది నీళ్ళ కోసం శాక్యులు కోలియుల మీద యుద్ధానికి లేచారు. యుద్ధం వద్దని సిద్ధార్థుడు సంఘం సభలో నిలబడి వాదించాడు. మెజారిటీ ఒప్పుకోలేదు. ఆయుధం పట్టడం కంటే ఇల్లు, ఊరు వదలడమే మేలనుకున్నాడు. అంటే మన ధమ్మం మొదలైందే, పట్టమన్న ఆయుధాన్ని కాదన్న చోట.

మనం దీక్ష తీసుకున్న రోజు కూడా గుర్తు చేసుకోండి. 1956 అక్టోబర్ 14, అశోక విజయదశమి. ఊళ్ళో ఆయుధాలకు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టే దసరా నాడే బాబాసాహెబ్ నాగపూర్‌లో లక్షల మందిని ధమ్మంలోకి నడిపించారు. అశోకుడు కళింగలో లక్ష మంది చావును, లక్షన్నర మంది తరలింపును చూసి, కత్తితో గెలవడం గెలుపు కాదు, ధమ్మంతో గెలవడమే గెలుపని రాతి మీద చెక్కించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్ళండి. ఆయన పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలు అక్కడి బండల మీద ఉన్నాయి. ఆ అక్షరాలు దేంతో చెక్కారు? ఉలితో. ఆ ఉలి కూడా ఏదో కొలిమిలో కాలి, ఎవరి చేతిలోనో పదునెక్కిన ఇనుమే. యుద్ధం వద్దన్న మాట ఇన్ని వేల ఏళ్ళు నిలవడానికి ఒక పనివాడి పదును కావలసి వచ్చింది.

తల్వార్ అలాంటి పదును కాదు. ఊరేగింపు ఏ వీధిలోంచి పోతుందో, ఎవరి ఇళ్ళ ముందు ఆగుతుందో, ఎవరిని బెదిరిస్తుందో మనకు తెలియదా? ఆ తల్వార్ ఈ ఏడాది పక్క వీధి మీదికి లేస్తే, వచ్చే ఏడాది మన వాడ మీదికి లేస్తుంది. మన చేత్తో చేయించి మన గుండె మీద పెడతారు. వాళ్ళు కులం అడగకపోవడం గౌరవం కాదు. మన చెయ్యి కావాలి, మనం అక్కర్లేదు. అంతే.

కత్తికి బుద్ధుడు ఇచ్చిన ఇంకో అర్థం మజ్ఝిమ నికాయంలో, పుట్ట గురించిన సుత్తంలో ఉంది. మన ఊళ్ళలో పుట్టకు పాలు పోసి దణ్ణం పెడతారు. ఆ సుత్తంలో దాన్ని తవ్వమంటారు. పుట్ట ఈ శరీరం, తవ్వే కత్తి ప్రజ్ఞ. తవ్వుతుంటే అవిద్య బయటపడుతుంది, కోపం బయటపడుతుంది, సందేహం బయటపడుతుంది. ఒక్కొక్కటీ తీసి పారేస్తూ తవ్వాలి. మనకు కావలసిన కత్తి అది. అది ఎవరి రక్తమూ చూడదు.

భారం ఒక్కడిదేనా?

ఇదంతా చెప్పాక తమ్ముడు తల ఊపాడు. మర్నాడు అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాడు. మీరు సాధు సాధు అనబోతున్నారు. కాస్త ఆగండి.

అతనికి గ్రైండరు మీద అప్పు ఉంది. నెల నెలా కిస్తీ కట్టాలి. సంతలో కులం చెప్తే కత్తి కొనరు, చెప్పకపోతే అబద్ధం ఆడినట్టు అనిపిస్తుంది. తల్వార్ వద్దని చెప్పడం నాకు తేలిక. వద్దన్న తర్వాత అతని పొయ్యి ఎలా వెలుగుతుందో చూడకపోతే నా మాటకు విలువేముంది? సమ్యక్ ఆజీవం ఒక్కడి గుణం కాదు. పక్కన సంఘం నిలబడితేనే అది నిలుస్తుంది. మూడో శరణం సంఘం అని రోజూ అంటున్నాం కదా! ఆకలితో ఉన్నవాడికి నీతి చెప్పి పంపేయడం సంఘం చేసే పని కాదు.

అందుకే మీరు ఈ పున్నమి నుంచి వచ్చే పున్నమి దాకా నాలుగు పనులు చేయాలని కోరుతున్నాను.

ఒకటి. మీ ఊళ్ళో మనవాళ్ళు చేత్తో చేసే కత్తి, కత్తిపీట, చెప్పు, బుట్ట ఏదైనా ఉంటే ఒక్కటి కొనండి. బేరం ఆడకుండా కొనండి. పెళ్ళికీ గృహప్రవేశానికీ కానుకగా ఇవ్వండి. ఎవరు చేశారో పేరు చెప్పి ఇవ్వండి.

రెండు. అటక మీద పాత రంపె, ఆరె, ఉలి ఉంటే దించండి. తుప్పు తోమి, నూనె రాసి పెట్టండి. బొట్టు పెట్టొద్దు, పూజ చేయొద్దు. మీ పిల్లల్ని కూర్చోబెట్టుకుని అది పట్టినవాళ్ళ కథ చెప్పండి.

మూడు. మన కుర్రాళ్ళు ఎవరైనా ఊరేగింపుల్లో తల్వార్ తిప్పుతున్నా, పుట్టినరోజు కేకు కత్తితో కోసి ఫోటోలు దిగుతున్నా, తిట్టకుండా పక్కకు పిలిచి రోహిణి నది కథ చెప్పండి.

నాలుగు. మీ చేతిలో ఉన్న పనిముట్టు ఏదైనా కావచ్చు. కలం, సెల్‌ఫోను, స్టీరింగు, చీపురు. రోజు మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని అడగండి. దీని పదును ఈ రోజు ఎవరి కోసం?

చివరగా ఆ రంపె పిడి మీది గుంట గురించి. వడ్రంగి బాడిస పిడి మీద వేళ్ళ గుర్తులు పడతాయి, కానీ ఈ రోజు ఇంత అరిగింది, నిన్న అంత అరిగింది అని అతను చెప్పలేడు, అరిగాక మాత్రం అరిగిందని తెలుస్తుంది అన్నాడు బుద్ధుడు. సాధన చేసేవాడి మలినాలు కూడా అలాగే అరుగుతాయన్నాడు. తమ్ముడి తాత ఆ గుంట ఏ రోజు పడిందో చెప్పలేడు. మనలోని భయం, సిగ్గు, కోపం కూడా ఏ రోజు అరిగాయో చెప్పలేం. వేళ్ళు తీయకుండా పట్టుకుని ఉండాలి, అంతే.

తమ్ముడు వచ్చే పున్నమికి మళ్ళీ వస్తానన్నాడు. కూరగాయల కత్తులు తెస్తాడు. మీరు రండి, డబ్బులు తీసుకురండి.

నమో బుద్ధాయ! జై భీమ్!